ప్రపంచ ఆరోగ్యానికి సారథి: ఎన్నుకునేది ఎవరు?

2020 జనవరి 30న స్విట్జర్లాండులోని జెనీవా నగరం నుంచి ఒక ప్రకటన వెలువడింది. కొత్త కరోనా వైరస్ వ్యాప్తి అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి అని దాని సారాంశం. ఆ ప్రకటన చేసినది ఏ దేశాధినేతా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ టెడ్రోస్ అధనోమ్ గెబ్రెయేసస్.

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం ఈ అధికారం ఆ పదవిలో ఉన్న వ్యక్తిదే. నిపుణుల సంఘం సలహా ఇస్తుంది. తుది నిర్ణయం మాత్రం డైరెక్టర్ జనరల్ తీసుకోవాలి. 2022 జూలైలో మంకీపాక్స్ విషయంలో నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. అయినా టెడ్రోస్ అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. మరి ఇంత బరువైన బాధ్యతను మోసే వ్యక్తిని ఎవరు, ఎలా ఎంపిక చేస్తారు?

ఒకే ఒక్క పేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి 1948 ఏప్రిల్ 7న అమలులోకి వచ్చింది. ఏటా ఆ రోజున మనం ప్రపంచ ఆరోగ్య దినం జరుపుకొనేది అందుకే. ఈ సంస్థలో రెండు ముఖ్య విభాగాలున్నాయి. ఒకటి, సభ్యదేశాలన్నీ పాల్గొనే ఆరోగ్య మహాసభ. రెండవది, ఆరోగ్యరంగంలో అనుభవం గల 34 మందితో ఏర్పడే కార్యనిర్వాహక మండలి. మండలి పేరు సూచించాలి, మహాసభ నియమించాలి. నిబంధన ఇదే.

అయితే చాలాకాలం మండలి ఒకే ఒక్క పేరును పంపేది. ఆ పేరును ఆమోదించాలా వద్దా అన్నది తప్ప మహాసభకు మరో అవకాశం ఉండేది కాదు. 2003లో ఏం జరిగిందో చూడండి. అప్పుడు మండలిలో 32 మంది సభ్యులు. దక్షిణ కొరియాకు చెందిన లీ జోంగ్ వూక్‌కు 17 ఓట్లు, బెల్జియంకు చెందిన పీటర్ పియోట్‌కు 15 ఓట్లు వచ్చాయి. ఒక్క సభ్యుడు మనసు మార్చుకుని ఉంటే చెరి 16 అయ్యేవి! ప్రపంచమంతటికీ సంబంధించిన నిర్ణయం అంత చిన్న గదిలో జరిగిపోయేది.

ఈ పద్ధతి మారాలని సభ్యదేశాలు కోరాయి. మండలి ముగ్గురి పేర్ల వరకు పంపాలని, వారిలో ఒకరిని మహాసభ రహస్య ఓటుతో ఎన్నుకోవాలని 2012లో తీర్మానించారు.

మూడు రౌండ్ల పోటీ

కొత్త పద్ధతి తొలిసారి 2017లో అమలయింది. సభ్యదేశాలు ఆరుగురిని ప్రతిపాదించాయి. జనవరిలో మండలి అభ్యర్థులను ప్రశ్నించి, ముగ్గురిని నిలిపింది. వారు ఇథియోపియాకు చెందిన టెడ్రోస్, బ్రిటన్‌కు చెందిన డేవిడ్ నబారో, పాకిస్తాన్‌కు చెందిన సానియా నిష్తార్.

మే 23న మహాసభలో ఓటింగ్ జరిగింది. మొదటి రౌండులో టెడ్రోస్‌కు 95, నబారోకు 52, నిష్తార్‌కు 38 ఓట్లు వచ్చాయి. గెలవడానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అన్ని ఓట్లు ఎవరికీ రాలేదు కనుక చివరి స్థానంలో ఉన్న నిష్తార్ తప్పుకోవలసి వచ్చింది.

రెండవ రౌండులో టెడ్రోస్‌కు 121, నబారోకు 62 ఓట్లు వచ్చాయి. మొత్తం 183. ఇందులో మూడింట రెండు వంతులు ఎంత? 122. అంటే ఒక్క ఓటు తక్కువయింది! మూడవ రౌండులో 133 ఓట్లు సాధించి టెడ్రోస్ గెలిచారు. నబారోకు 50 ఓట్లు వచ్చాయి. ఆఫ్రికా ఖండం నుంచి ఈ పదవికి ఎన్నికైన మొదటి వ్యక్తి టెడ్రోస్. 2022లో ఆయన ఏకైక అభ్యర్థిగా తిరిగి ఎన్నికయ్యారు. ఒకసారి ఎన్నికైతే పదవీకాలం ఐదేళ్లు. ఒకే వ్యక్తి రెండుసార్లకు మించి ఈ పదవిలో ఉండటానికి వీలులేదు.

పెద్దదేశమైనా ఒకే ఓటు

ఈ ఎన్నికలో దేశం పెద్దదా చిన్నదా అని చూడరు. 140 కోట్లకు పైగా జనాభా ఉన్న భారతదేశానికి ఒక ఓటు. పసిఫిక్ మహాసముద్రంలో సుమారు పదివేల మంది నివసించే తువాలుకూ ఒక ఓటే. అయితే సభ్యత్వ చందా బాగా బకాయిపడిన దేశం ఓటు హక్కును మహాసభ నిలిపివేయవచ్చు.

ఇది న్యాయమేనా అని మీకు సందేహం రావచ్చు. జనాభా లెక్కన ఓట్లు ఇస్తే కొన్ని పెద్దదేశాలు కలిస్తే చాలు, మిగిలిన దేశాల మాట చెల్లదు. రోగక్రిములు మాత్రం దేశం పెద్దదా చిన్నదా అని చూసి దాడి చేయవు కదా!

మరో ముఖ్య విషయం ఉంది. డైరెక్టర్ జనరల్‌కు సైన్యం లేదు, పోలీసులు లేరు. అత్యవసర పరిస్థితిని ప్రకటించగలరే గాని, ఫలానా పని చేసి తీరాలని ఏ దేశాన్నీ శాసించలేరు. సిఫారసు మాత్రమే చేయగలరు. దేశాలు ఆ మాట వినాలంటే చెప్పేవారిపై నమ్మకం ఉండాలి. తాము కూడా ఓటువేసి ఎన్నుకున్న వ్యక్తి మాటకు విలువ ఎక్కువ. చిన్న గదిలో జరిగే ఎంపికను నిండు సభలోకి తీసుకురావడంలోని పరమార్థం ఇదే.

మీరూ చేసి చూడండి: మీ తరగతిలో ముగ్గురు అభ్యర్థులను నిలిపి, చీటీలతో ఇదే పద్ధతిలో ఎన్నిక జరపండి. మొదటి రౌండులో ముందున్నవారే చివరికి గెలిచారా? తప్పుకున్న అభ్యర్థి ఓట్లు ఎటు మళ్లాయి? రౌండు రౌండుకూ లెక్క రాసుకుని, మీ మిత్రులతో చర్చించండి.