చూపులేని విద్యార్థికి డిజిటల్ పాఠము: తెలుగు ప్రతులను గూర్చి ఒక పరిశీలన

కొన్నేండ్ల క్రితము మా తరగతిలో చూపులేని విద్యార్థి ఒకడు చేరాడు. మా నోట్సును పి.డి.ఎఫ్.గా పంపి, మా బాధ్యత తీరినదనుకున్నాము. మరుసటి వారము అతడు దానిని మా యెదుటనే స్క్రీన్ రీడర్ ద్వారా వినిపించాడు. ఒక్క తెలుగు మాట రాలేదు. ఆంగ్ల అక్షరాలు, విరామ చిహ్నాలు వరుసగా వినబడ్డాయి. ఆ యంత్రములో లోపమేమియు లేదు, లోపము మా ప్రతిలోనే యున్నది.

అచ్చు పనికి మనము వాడుచు వచ్చిన అను ఫాంట్ల వంటివాటిలో తెలుగు అక్షరపు రూపము ఆంగ్ల అక్షరపు సంకేతము మీద కూర్చబడియుండును. కంటికి కనబడునది ‘క’. కంప్యూటరు దాచుకొనునది వేరొకటి. చూచువారికి ఇబ్బంది లేదు గనుక ఈ సంగతి ఎవరి దృష్టికి రాలేదు. (గ్రీకు, హెబ్రీ పదాలకు వాడిన పాత ఫాంట్లదీ ఇదే తీరు.) 1991లో వెలువడిన యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి దానిదైన సంఖ్య యున్నది. 2006లో ఆస్ట్రేలియాలో ఆరంభమైన ఎన్.వి.డి.ఎ. అను ఉచిత స్క్రీన్ రీడర్ అట్టి ప్రతిని ఈ-స్పీక్ స్వరముతో తెలుగులోనే చదువును. స్వరము కొంత మొరటుగా ఉండును గాని, అలవాటైన విద్యార్థి మనకంటె వేగముగా వినగలడు.

స్కాను చేసిన పుటలు మరొక చిక్కు. అవి వట్టి చిత్రాలు. ఓ.సి.ఆర్. వాటిని అక్షరాలుగా మార్చును గాని ఒత్తుల యొద్ద తడబడును. మనిషి సరిచూడక తప్పదు. యూనికోడ్‌లో టైపు చేసినను, పి.డి.ఎఫ్.గా మార్చినప్పుడు గుణింతాలు తారుమారగుట కలదు. కాబట్టి వర్డ్ ప్రతిని కూడ ఇచ్చుట మేలు. శీర్షికను కేవలము లావు అక్షరాలతో గాక హెడింగ్ స్టైల్‌తో గుర్తించినయెడల, విద్యార్థి ఎన్.వి.డి.ఎ.లో హెచ్ మీటతో ఒక శీర్షిక నుండి మరొకదానికి వెళ్లగలడు. పటములకు రెండు మాటల వివరణ, వీడియో పాఠాలకు వినికిడి లేనివారి కొరకు క్రింద అక్షరాలు కూడ అవసరమే.

హక్కుదారుల అనుమతి లేదను సాకు చెల్లదు. వికలాంగుల కొరకు పుస్తకాన్ని చదువదగిన రూపములోనికి మార్చుటకు 2012 కాపీరైట్ సవరణ వీలు కల్పించినది. 2016 వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతమునకు తగ్గకుండ సీట్లు కేటాయించమన్నది. సీటు ఇచ్చి పాఠము ఇయ్యకపోతే ఆ కేటాయింపు దేనికి?

మా నోట్సును తిరిగి టైపు చేసి సరిచూచుటకు రెండు నెలలు పట్టినది. అప్పటికి సెమిస్టరు సగము గడిచిపోయినది. ఆ సగము పాఠాలను అతడు స్నేహితుల చేత చదివించుకొని నేర్చుకున్నాడు.