వీధి కొలతకు పెరిగిన చెట్టు

నీడ నిచ్చుటకు చెట్టు కొమ్మలు చాచవలెను. ఇరుకువీధిలో అందుకు చోటెక్కడిది? ఒకవైపు ఇండ్ల గోడలు, మఱియొకవైపు వాహనముల రాకపోకలు. ఈ చిక్కు తీర్చుటకై అమెరికా నగరములలో నాటిన చెట్లలో ‘ఆర్మ్‌స్ట్రాంగ్’ మేపుల్ ఒకటి.

మేపుల్ ప్రధానముగా శీతల, సమశీతల ప్రదేశముల వృక్షము. దాని జాతులలో పెక్కింటి ఆకు మన ఆముదపుటాకువలె చీలికలు గలిగియుండును. 1965లో కెనడా తన పతాకముపై నిలుపుకొన్నది మేపుల్ ఆకునే. రెక్కలుగల దాని కాయలు గాలిలో గిరగిర తిరుగుచు నేలకు దిగును.

ఎఱ్ఱ మేపుల్, వెండి మేపుల్ అను రెండు జాతుల సంకరమే ఆర్మ్‌స్ట్రాంగ్. 1940-50 సంవత్సరముల నడుమ ఒహాయో రాష్ట్రమున ఇది గుర్తింపబడినది. దీని కొమ్మలు ప్రక్కలకు పోక, మ్రానును అంటిపెట్టుకొని నిటారుగా లేచును. ఎత్తు సుమారు 50 అడుగులైనను వెడల్పు 15 అడుగులే. దూరమునుండి చూచువారికి ఆకుపచ్చని ధ్వజస్తంభమువలె కాన్పించును.

విత్తనమునుండి మొలచిన మొక్కకు ఈ రూపమే వచ్చునన్న నమ్మకము లేదు. అందుచే కొమ్మ నాటియో, అంటు కట్టియో దీనిని వృద్ధిచేయుదురు. వేయి నాటినను అవి యన్నియు ఒకే చెట్టునకు ప్రతిరూపములు. ఒకదాని బలహీనత అన్నింటికిని సంక్రమించును.

ఒకే రకమును వరుసలుగా నాటుటవలని అపాయమును ఆ దేశము లోగడనే చూచినది. ఒకప్పుడు అచ్చటి వీధులపై ఎల్మ్ వృక్షములు ఇరువైపులనుండి పందిరి వేసినట్లు నిలిచెడివి. 1930లో ఒహాయోలోనే ‘డచ్ ఎల్మ్’ తెగులు బయటపడెను. బెరడు పురుగులు ఆ శిలీంధ్రమును చెట్టునుండి చెట్టునకు మోసెను. దగ్గరగా నాటిన చెట్ల వేళ్లు భూమిలో అతుకుకొనియుండుటచే ఆ మార్గమునను తెగులు ప్రాకెను. ఎల్మ్‌లు పోయిన పెక్కుచోట్ల ఆష్ చెట్లు నాటిరి. ఆసియానుండి వచ్చి, 2002లో డెట్రాయిట్ సమీపమున కనుగొనబడిన మఱియొక పురుగు వానిని కోట్లకొలది బలిగొన్నది.

1990లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ శాంటమూర్ ఒక సూత్రము ప్రతిపాదించెను. నగరమందలి చెట్లలో ఒకే జాతివి నూటికి 10, ఒకే ప్రజాతివి 20, ఒకే కుటుంబమునకు చెందినవి 30 మించరాదు.

సన్నని మేపుల్ ఇరుకువీధికి తగినదే. కాని దాని నీడయు సన్ననిదే. చోటున్నచోట విశాలవృక్షమును, లేనిచోట ఇట్టిదానిని, రెంటి నడుమ వేఱు జాతులను నాటుట వివేకము. ఒక తెగులు వచ్చి కొన్నింటిని కొనిపోయినను, మిగిలినవి బాటసారికి నీడ నిచ్చుచునే యుండును.