లష్కరును గూర్చిన అపోహలు – వాస్తవాలు

ఆషాఢమాసమున బొంరాస్‌పేట వంటి ఊళ్లనుండి సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి దర్శనమునకు పోవువారు నేటికిని ‘లష్కర్ బోనాలు’ అనియే అందురు. లష్కరనగా దండు, ఇచట సికింద్రాబాదు దండు. ఆ దండును ఆంగ్లేయులు తమ సొమ్ము వెచ్చించి మన రక్షణకై నిలిపిరన్న మాట పలువురి నోట వినవచ్చును.

అది అపోహ. ఆంగ్లేయులతో చేసికొన్న 1798 సంధి ననుసరించి ఆరు పటాలముల పోషణకై యేటేట 24,17,100 రూపాయలు చెల్లించినది నిజామే. పైగా ఫ్రెంచివారు తీర్చిన తన సొంత సేనను సైతము ఆయన రద్దు చేయవలసివచ్చెను. 1800లో ఆ రొక్కమునకు బదులుగా బళ్లారి, కడప మొదలైన సీమలనే వ్రాసియిచ్చెను. దత్తమండలములన్న పేరు అట్లు పుట్టినది. కావలివాని జీతమునకు పొలమునే ఇచ్చివేసిన కాపు కథ యిది!

సంధి ప్రకారమే హైదరాబాదు కంటింజెంటు అను మరియొక సేన కూడ నిలిచెననుట రెండవ అపోహ. 1800 సంధిలో నిజాము ఒప్పుకొన్నది యుద్ధకాలమున 6,000 కాల్బలమును 9,000 అశ్వబలమును పంపుటకు మాత్రమే. శాంతికాలమునందును ఆంగ్లాధికారుల చేతిక్రింద ఆ సేనను పోషింపవలెనని సంధి శాసింపలేదనియు, అట్లు శాసించినదని తాను చెప్పజాలననియు ఒప్పుకొన్నవాడు ఎవడో కాదు, స్వయముగా గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువే. ఒప్పుకొనియు, ఆ సేన వలన పేరుకొన్న బాకీని చూపి, 1853లో బీరారును, రాయచూరు దోఆబును, ధారాశివ ప్రాంతమును కైవసము చేసికొనెను. న్యాయమెరిగి చేసిన అన్యాయము ఎరుగక చేసినదానికంటె బరువైనదని నా తలంపు.

ఇక ఈ ఆంగ్లాధిపత్యమునెవ్వరును ప్రశ్నింపలేదందురు; అదియు అపోహయే. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలాఉద్దీను హైదరాబాదులోని ఆంగ్లేయుల రెసిడెన్సీపై దండెత్తిరి. ఆనాడు ఆంగ్లేయుల పక్షమున నిలిచిన నిజాము దివాను మొదటి సాలార్‌జంగే, పిమ్మట కంటింజెంటు వ్యయమునకు చాలిన మూలధనమును ముట్టజెప్పెదము, బీరారును మరలనిండని విన్నపము వెంట విన్నపము పంపి, 1876లో ఇంగ్లండునకే పోయెను. ఖడ్గముతో కానిది లెక్కలతో నగునేమో యని ఆయన చూచెను, కాలేదు.

మన తాండూరు, వికారాబాదుల మీదుగా 1874లో వచ్చిన రైలు కేవలము ప్రయాణికుల సౌకర్యమునకే యనుటయు సగము సత్యమే. సికింద్రాబాదు దండును వాడి స్టేషను వద్ద బొంబాయి మార్గముతో కలుపుట దాని ముఖ్యప్రయోజనములలో నొకటి.

ఇక 1853లో పోయిన సీమలలో రాయచూరు, ధారాశివ ప్రాంతములు 1860లో నిజామునకు తిరిగి దక్కినవి. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు బీరారును ఏటికి 25 లక్షల రూపాయల శాశ్వతపు కౌలుకు వ్రాయించుకొనెను. మరుసటి యేడు కంటింజెంటు బ్రిటిషు భారతసేనలో కలిసిపోయెను. ఏ సేన పోషణకని తీసికొనిరో ఆ సేన పోయినను, బీరారు మాత్రము మరల హైదరాబాదు పాలనక్రిందికి రాలేదు.