మొదటి నవల – మన ఇంటి మాట

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలోని అనేక ముస్లిం కుటుంబాలలో ఇంటి మాట ఉర్దూ, బడి చదువు తెలుగు. ఈ రెండింటి నడుమ పెరిగిన యువతీ యువకులలో తెలుగులో నవల వ్రాసి, సొంతంగా అచ్చు వేయించుకోవాలని ఆశపడేవారు ఉన్నారు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే రచయితే ప్రచురణకర్త అయినప్పుడు తప్పొప్పుల భారమంతా ఆ ఒక్కరి మీదనే పడుతుంది. అందుచేత కొన్ని మాటలు చెప్పదలిచాము.

ఈ శ్రమ మన జిల్లాకు కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, తన సొమ్ముతో పండితులను పోషించి, దొరికిన ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలను సరిచేయించారు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించారు. ఆ బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉన్నది.

మొదటి నవలకు కూడా అంతటి ఓపిక అవసరం. వ్రాత పూర్తికాగానే ప్రెస్సుకు పరుగెత్తరాదు. ఒక నెల పక్కనపెట్టి, తర్వాత ఇంటివారికి బిగ్గరగా చదివి వినిపించాలి. వినేవారి దృష్టి మరలిన చోట కథ సాగిందని గ్రహించి, కత్తిరించాలి. ఆ తర్వాతనే భాషను, చిట్టచివర అక్షరదోషాలను చూడాలి.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. ప్రూఫులు దిద్దేవారు ‘అమ్మీ’ని ‘అమ్మ’గా, ‘ఖాలా’ను ‘పిన్ని’గా, సీమ పలుకును పుస్తక భాషగా మార్చివేయవచ్చు. అక్షరదోషం వేరు, ఇంటి మాట వేరు. మొదటిదాన్ని దిద్దాలి, రెండవదాన్ని కాపాడుకోవాలి. ఉర్దూ తెలియని పాఠకునికి ఆ పదం వాక్యంలోనే అర్థమయ్యేలా వ్రాయడం రచయిత పని. పులివెందుల సమీపంలోని వేంపల్లెకు చెందిన వేంపల్లె షరీఫ్ కథల సంపుటి ‘జుమ్మా’కు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. మన ఇళ్ల జీవితానికి తెలుగు సాహిత్యంలో చోటున్నదనడానికి ఇది చాలదా?

ఇక ఖర్చు సంగతి. పుస్తకాన్ని సాధారణంగా 16 పుటల ఫారాల లెక్కన వేస్తారు కనుక, అనవసరమైన అధ్యాయం తొలగితే కాగితం ఖర్చూ తగ్గుతుంది. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. డిజిటల్ ముద్రణలో 100 ప్రతులైనా వేయించుకోవచ్చు. అవి చెల్లిన పిదపనే మరికొన్ని వేయించడం మేలు.

ప్రొద్దుటూరు బంగారానికి పేరుపొందిన పట్టణం. అక్కడ తల్లి గాజులు తాకట్టుపెట్టి, వడ్డీకి తెచ్చిన సొమ్ముతో వేయి ప్రతులు వేసి, వాటిని అటక మీద పేర్చుకోవడం ఏ ఇంటికీ శ్రేయస్కరం కాదు. ప్రెస్సువారితో అరువు ఒప్పందం చేసుకుంటే ధర, ప్రతుల సంఖ్య, గడువు కాగితం మీద పెట్టుకోవాలి. అప్పు వ్యవహారాన్ని సాక్షుల సమక్షంలో వ్రాసుకోవాలని అల్ బఖరా సూరా 282వ ఆయతు మనకు బోధిస్తున్నది.

మొదటి ప్రతి చేతికందిన రోజున, తెలుగు చదవడం రాని అమ్మీ పక్కన కూర్చుని, రెండు పుటలు చదివి వినిపించండి. అందులో ఆమె తన మాటను గుర్తుపడితే, మీరు పడిన శ్రమ వృథా కానట్లే.