హోటలు దివాలా... నవ్వులు హౌస్‌ఫుల్!

ఇడ్లీ రాయిలా ఉంటుంది. సాంబారులో నీళ్లెక్కువ. ఓనరుకు కస్టమరు కనిపిస్తేనే చిరాకు. అలాంటి హోటలుకు ఎవరైనా రెండోసారి వెళ్తారా? వెళ్తారు... అది టీవీలో ఉంటే! ఇంగ్లండులో పన్నెండంటే పన్నెండు ఎపిసోడ్లతో చరిత్రకెక్కిన ‘ఫాల్టీ టవర్స్’, మన దగ్గర ఆరేళ్లపాటు ఆదివారం రాత్రుల్ని నవ్వుల్లో ముంచిన ‘అమృతం’... రెండూ సరిగ్గా నడవని హోటళ్ల కథలే.

నంద్యాల నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో తగులుతుంది వెలుగోడు. ఓ పక్క నల్లమల, మరో పక్క తెలుగుగంగ నీళ్లు నిలిచే పెద్ద జలాశయం. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది గానీ 2022 దాకా కర్నూలు జిల్లాయే. ఆ ఊళ్లో మా చిన్నాయన, ఆయన స్నేహితుడూ కలిసి 2003లో ఓ హోటలు పెట్టారు. హోటలంటే గదులూ లిఫ్టూ అనుకునేరు! నాలుగు బల్లలు, ఓ పొయ్యి, ఓ గల్లాపెట్టె. పొద్దున ఉగ్గాని-బజ్జి, ఇడ్లీ, ఎర్రకారం దోసె. మధ్యాహ్నం భోజనం. మన ఊళ్లలో హోటలంటే అంతేగా మరి.

చిక్కల్లా ఒక్కటే. ఇద్దరికీ తినడం బాగా వచ్చు, వండటం రాదు. నెల తిరక్కుండానే వంటమాస్టరు జీతం ఎక్కువిస్తారని నంద్యాల వెళ్లిపోయాడు. బోర్డు మారిస్తే జనం వస్తారని స్నేహితుడి నమ్మకం. అడిగిన ప్రతివాడికీ అరువు ఇవ్వడం చిన్నాయన బలహీనత. పొద్దున మిగిలిన పిండి సాయంత్రానికి పునుగులయ్యేది. పులిసిన పిండి పునుగులకైనా పనికొస్తుంది, పులిసిన లెక్కలు దేనికి పనికొస్తాయి? రెండేళ్లకు హోటలు మూతపడింది. ఎవరు ఎంత పెట్టారు, ఎవరికి ఎంత రావాలి అన్న దగ్గర మాటామాటా పెరిగింది. చిన్నప్పటి నుంచీ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని తిరిగిన ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.

కానీ ఆ రెండేళ్లూ ఒక్క పని మాత్రం తప్పకుండా చేశారు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికే షట్టరు దించేసి, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునేవాళ్లు. ఎనిమిదిన్నరకు జెమినీ టీవీలో ‘అమృతం’. నష్టాల హోటలు నడుపుతున్న ఇద్దరు స్నేహితులు, నష్టాల హోటలు నడిపే ఇద్దరు స్నేహితుల్ని చూసి పడీపడీ నవ్వేవాళ్లు!

అమృత విలాస్‌కు స్వాగతం

‘అమృతం’ 2001 నవంబరు 18న మొదలైంది. సరిగ్గా ఆరేళ్లకు, 2007 నవంబరు 18న ముగిసింది. మొత్తం 313 ఎపిసోడ్లు. ‘లిటిల్ సోల్జర్స్’ సినిమా తీసిన గుణ్ణం గంగరాజు ఆలోచన ఇది. ‘ఐతే’, ‘అనుకోకుండా ఒక రోజు’ సినిమాలతో పేరు తెచ్చుకున్న చంద్రశేఖర్ ఏలేటి మొదట్లో కొన్ని ఎపిసోడ్లకు దర్శకత్వం వహించారు. టైటిల్ పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి రాస్తే కల్యాణి మాలిక్ బాణీ కట్టారు. కష్టాల్ని కాఫీ తాగినంత తేలిగ్గా తీసుకోమని చెప్పే ఆ పాట వినిపించగానే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా హాల్లోకి వచ్చేసేవాళ్లు.

కథ చాలా చిన్నది. అమృతరావు, ఆంజనేయులు ప్రాణస్నేహితులు. ఇద్దరూ కలిసి ‘అమృత విలాస్’ నడుపుతుంటారు. అమృతానికి వారానికో ఐడియా వస్తుంది. అంజి మొదట వద్దంటాడు, తర్వాత తానే ముందుండి నడిపిస్తాడు, చివరికి ఇద్దరూ మునుగుతారు. ఇళ్లలో సంజీవని, శాంత వాళ్ల కోసం కాచుకుని ఉంటారు. సర్వర్ సర్వానికి ఓ పని చెబితే మరోటి చేస్తాడు. ఇంటి ఓనరు అప్పాజీ సరైన సమయానికి తప్పు చోట ప్రత్యక్షమవుతాడు. ఇంతే సరుకు!

అమృతం పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆపైన హర్షవర్ధన్ పోషించారు. ముగ్గురిలో ఎవరు బాగా చేశారన్నది ఇప్పటికీ తేలని తగాదాయే. తేలనవసరం లేనిది అంజి సంగతి. గుండు హనుమంతరావు తప్ప మరొకర్ని ఆ పాత్రలో ఊహించలేం. సర్వంగా వాసు ఇంటూరి, అప్పాజీగా శివన్నారాయణ కూడా సొంత పేర్లకన్నా పాత్రల పేర్లతోనే జనానికి దగ్గరయ్యారు.

అక్కడో పెద్దమనిషి

ఇప్పుడు ఓసారి ఇంగ్లండు వెళ్లొద్దాం. 1970లో ‘మాంటీ పైథాన్’ హాస్య బృందం షూటింగు కోసం టార్కీ అనే సముద్రతీర పట్టణానికి వెళ్లి గ్లెనీగల్స్ అనే హోటల్లో దిగింది. ఓనరు డొనాల్డ్ సింక్లెయిర్‌కు అతిథులంటే గిట్టదన్నట్టు ఉండేదట. బృందంలోని అమెరికన్ టెర్రీ గిలియం ఫోర్కు పట్టుకునే తీరు నచ్చక భోజనాల బల్ల దగ్గరే మందలించాడు. ఎరిక్ ఐడిల్ సంచిలో బాంబుందేమోనని దాన్ని తీసుకెళ్లి బయట గోడ అవతల పెట్టించాడు. మిగతావాళ్లు పెట్టేబేడా సర్దుకుని వేరే హోటలుకు పోయారు. జాన్ క్లీజ్ మాత్రం ఉండిపోయాడు. అంత మంచి సరుకును వదులుకుంటే ఎలా? క్లీజ్, ఆయన భార్య కానీ బూత్ కలిసి ఆ అనుభవాన్నే ‘ఫాల్టీ టవర్స్’గా రాశారు. తన భర్తను అలా చూపించడం అన్యాయమని సింక్లెయిర్ భార్య తర్వాత వాపోయారనుకోండి. అది వేరే సంగతి.

1975లో బీబీసీ-2లో ఆరు ఎపిసోడ్లు, 1979లో మరో ఆరు. ఓనరు బాసిల్ ఫాల్టీగా క్లీజే నటించాడు. బాసిల్‌కు గొప్పవాళ్లంటే వంగి వంగి దండాలు, మామూలువాళ్లంటే చులకన, భార్య సిబిల్ అంటే హడల్. ఆ కోపమంతా స్పెయిన్ నుంచి వచ్చిన సర్వర్ మాన్యుయెల్ మీద చూపిస్తాడు. ఇంగ్లిషు సరిగా రాని ఆ అమాయకుడికి తల మీద దెబ్బలే జీతం. సర్వం గుర్తొస్తున్నాడా?

ఓ ఎపిసోడ్‌లో హోటళ్ల తనిఖీ అధికారులు వస్తున్నారని తెలిసి, చెంచాలు అమ్ముకునే ఆసామిని అధికారి అనుకుని రాచమర్యాదలు చేస్తాడు బాసిల్. మరోదాంట్లో ఊరి పెద్దల్ని విందుకు పిలిచిన రోజే వంటవాడు తప్పతాగి పడిపోతాడు. వేరే హోటలు నుంచి బాతు కూర తెస్తుంటే దారిలో కారు మొరాయిస్తుంది. బాసిల్ చెట్టుకొమ్మ విరిచి కారును చితకబాదుతాడు! ఇంకో దాంట్లో మాన్యుయెల్ ముద్దుగా పెంచుకునే ఎలుక ఏకంగా ఆరోగ్యాధికారి ముందున్న బిస్కెట్ల డబ్బాలోంచి తొంగిచూస్తుంది.

మొదట ఈ స్క్రిప్టు చదివిన బీబీసీ ఉద్యోగి ఒకరు ఇందులో కొత్తదనం లేదంటూ పెదవి విరిచారు. అదే సీరియల్‌ను 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన ఎంపికలో బ్రిటిష్ టీవీ కార్యక్రమాలన్నింటిలోకీ మొదటిదిగా నిలబెట్టారు టీవీరంగ నిపుణులు.

పూటకూళ్లమ్మ నుంచీ...

తిండి పెట్టే చోట హాస్యం పండించడం మనకేం కొత్త కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి ప్రదర్శించింది 1892లో. పూటకూళ్లమ్మ ఇంట్లో తిని, ఆవిడ డబ్బు ఎగ్గొట్టిన గిరీశం మధురవాణి ఇంట్లో ఉంటే, ఆవిడ చీపురుకట్టతో వచ్చిపడుతుంది. గిరీశం మంచం కిందికి దూరతాడు. దాక్కోవడం, వెతకడం, దొరికిపోవడం... బాసిల్ నుంచి అమృతం వరకూ అందర్నీ నడిపించింది ఈ సూత్రమే.

హోటలే ఎందుకంటారా? అక్కడ తప్పు దాచుకునే వీలుండదు. ఆఫీసులో తప్పు చేస్తే ఫైలు కింద పెట్టేయొచ్చు. దోసె మాడితే మాత్రం అది నేరుగా తినేవాడి ముందుకే వస్తుంది. పైగా తలుపు తోసుకుని ఎవరైనా రావచ్చు... అప్పులవాడు, అధికారి, అత్తగారు. కొత్త మనిషి వచ్చాడంటే కొత్త తంటా వచ్చినట్టే.

అయితే రెండు హోటళ్లకూ ఓ పెద్ద తేడా ఉంది. బాసిల్ ఒంటరి. తన గొప్ప తప్ప మరోటి పట్టని మనిషి. ఎంత నవ్వొచ్చినా అతని పక్కన కూర్చోవాలనిపించదు. పన్నెండు ఎపిసోడ్లతో ఆపేయడం మంచిదైంది. అమృతానికి అంజి ఉన్నాడు. ఈ వారం ఇద్దరూ కొట్టుకున్నా, నిండా మునిగినా వచ్చే ఆదివారానికి మళ్లీ అదే గల్లాపెట్టె దగ్గర ఉంటారు. 313 వారాలు జనం చూసింది ఆ స్నేహాన్నే.

తెర వెనక చూస్తే బాసిల్ కథలోనూ ఓ స్నేహం ఉంది. మొదటి ఆరు ఎపిసోడ్లకూ తర్వాతి ఆరింటికీ మధ్య, 1978లో, క్లీజ్‌కూ బూత్‌కూ విడాకులయ్యాయి. అయినా ఇద్దరూ కలిసి కూర్చునే మిగతావి రాశారు. అందులో పనిమనిషి పాలీగా బూత్ నటించింది కూడా.

అంజి పోయినాడంట...

హోటలు మూసేశాక కూడా చిన్నాయన ఆదివారం ‘అమృతం’ మానలేదు. కాకపోతే పక్కన కుర్చీ ఖాళీ. సీరియల్లో ఇద్దరూ తిట్టుకుంటుంటే ‘చూస్తాండు, వచ్చే వారానికి కలిసిపోతారు’ అనేవాడు. తను మాత్రం కలవలేదు. 2007లో సీరియలూ అయిపోయింది. 2014లో గంగరాజు ‘చందమామలో అమృతం’ సినిమా తీసి హోటలును ఏకంగా చంద్రమండలానికి తీసుకెళ్లారు. ఈయన మాత్రం రెండు వీధుల అవతలున్న స్నేహితుడి ఇంటికి వెళ్లలేదు.

2018 ఫిబ్రవరి 19న గుండు హనుమంతరావు కన్నుమూశారు. 61 ఏళ్లు. ఆ రోజు పొద్దున్నే చిన్నాయన ఫోను మోగింది. అవతల పదమూడేళ్లుగా వినని గొంతు.

‘‘రేయ్... మన అంజి పోయినాడంట.’’

చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘టీవీలో చూపిస్తాండారు. ఇంటికి రా’’ అన్నాడు. ఆయన వచ్చాడు. ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. పాత ఎపిసోడ్ల ముక్కలు వస్తుంటే ఏడవాల్సినవాళ్లు కాస్తా నవ్వడం మొదలుపెట్టారు. లెక్కల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

2020 ఉగాదికి ఓటీటీలో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. అంజి పాత్రలో ఎల్బీ శ్రీరామ్. లాక్‌డౌన్‌తో ఊరంతా తలుపులేసుకుని ఉన్న రోజులవి. ఒకరింటికి ఒకరు వెళ్లే వీల్లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు ఫోన్లో అదే ఎపిసోడ్ పెట్టుకుని, అయిపోగానే మాట్లాడుకున్నారు.

‘‘ఎట్లుంది?’’ అన్నాడు చిన్నాయన.

‘‘బాగుంది గానీ, మన హోటలంత నష్టం రాలేదులే’’ అన్నాడు ఆయన.