కార్ వారంటీ: కూలెంట్ లీకైతే 'టాప్ అప్ చేశాం సార్' అని పంపించేస్తున్నారా? జాబ్ కార్డులో ఈ మాట ఉందో లేదో చూసుకోండి!

కారు కొని రెండున్నరేళ్లు. కంపెనీ వారంటీ మూడేళ్లు. పొద్దున్నే కారు బయటకు తీస్తే నేల మీద గులాబీ రంగులో నాలుగు చుక్కలు కనిపించాయి. బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ ట్యాంకులో లెవెల్ 'మిన్' గీత కిందకి దిగిపోయింది. వారంటీలోనే ఉంది కదా అని ధీమాగా షోరూమ్ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే.. "ఏం లేదు సార్, కొంచెం తగ్గింది, టాప్ అప్ చేశాం" అని తాళాలు చేతిలో పెడతారు. నెల తిరగ్గానే మళ్లీ అదే కథ, మళ్లీ టాప్ అప్. ఇలా ఆరు నెలలు గడిచాక అసలు లీక్ ఎక్కడుందో దొరుకుతుంది. కానీ అప్పటికి వారంటీ అయిపోయి ఉంటుంది.

చాలామంది ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే. లీక్ వారంటీలో ఉండగానే మొదలైందని ఓనర్‌కి తెలుసు, సర్వీస్ అడ్వైజర్‌కీ తెలుసు. కానీ ఆ విషయం కాగితం మీద ఎక్కడా ఉండదు.

కూలెంట్ ఊరికే తగ్గిపోదు

కూలెంట్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. ఇంజిన్, రేడియేటర్ మధ్య మూసి ఉన్న దారిలో తిరుగుతూ ఉంటుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ట్యాంకులో లెవెల్ కాస్త పైకి, చల్లారాక కాస్త కిందకి రావడం మామూలే. అందుకే లెవెల్ ఎప్పుడైనా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నెలనెలా పోయాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. రేడియేటర్, రబ్బరు హోస్ పైపులు, వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్.. అనుమానించాల్సినవి ఇవే. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే, ఇంజిన్ ఆయిల్ పాలలా మారితే హెడ్ గాస్కెట్ పోయిందేమో చూడాలి. అది పెద్ద పని.

అన్నట్టు, ఎండాకాలంలో కారు కింద రంగూ వాసనా లేని నీళ్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అవి ఏసీ నీళ్లు. కూలెంట్‌కి రంగు ఉంటుంది, తాకితే కాస్త జిడ్డుగా ఉంటుంది, తీపి వాసన వస్తుంది. ఆరిపోయిన చోట పొడిలా పేరుకుపోతుంది.

"చూశాం సార్, లీక్ ఏం లేదు" అంటే అక్కడితో ఆగొద్దు. ప్రెజర్ టెస్ట్ చేశారా అని అడగాలి. రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు బిగించి, గాలి ఒత్తిడి ఎక్కించి, ముల్లు పడిపోతుందా లేదా అని చూసే పరీక్ష ఇది. కంటితో చూస్తే దొరకని చిన్న లీక్‌లు చాలావరకు దీంట్లో బయటపడతాయి.

అడ్వైజర్ ఎందుకు వెనకాడతారు?

వారంటీ పని చేసేది డీలర్, డబ్బు ఇచ్చేది కంపెనీ. డీలర్ పాడైన పార్టు ఫొటోలు, కారణం రాసి కంపెనీకి క్లెయిమ్ పంపాలి. కంపెనీ కాదంటే ఆ పార్టు ఖర్చు, లేబర్ డీలర్ నెత్తిన పడతాయి. అందుకే కారణం తేలని లీక్‌ని నెత్తికెత్తుకోవడం కంటే అర లీటరు కూలెంట్ పోసి పంపడం వాళ్లకు సులువు. ప్రతిసారీ ఇది మోసమే అనలేం. కానీ నష్టపోయేది మాత్రం ఓనరే.

కాబట్టి "వారంటీలో రాదు" అన్నప్పుడు ఒక్క ప్రశ్న వేయాలి. ఇది మీ నిర్ణయమా, కంపెనీకి క్లెయిమ్ పంపితే వాళ్లు తిరస్కరించారా? చాలాసార్లు క్లెయిమ్ అసలు పంపే ఉండరు. కంపెనీ తరఫున ఆ ఏరియాకి సర్వీస్ మేనేజర్ ఉంటారు. ఆయనకు చూపించమని, తిరస్కరిస్తే కారణం ఈమెయిల్‌లో ఇమ్మని అడగాలి. నోటితో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

జాబ్ కార్డే సాక్ష్యం

కారు అప్పగించేటప్పుడు జాబ్ కార్డులో "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టొద్దు. "కూలెంట్ తగ్గుతోంది, లీక్ ఎక్కడో కనిపెట్టాలి" అని రాయించాలి. తేదీ, కిలోమీటర్ల రీడింగ్ దాని మీద ఉండాలి. టాప్ అప్ మాత్రమే చేసినా సరే, ఎంత పోశారో రాసిన కాపీ తీసుకోవాలి. వారంటీ ముగియకముందు తేదీతో ఇలాంటి కార్డులు రెండు మూడు ఉంటే, తర్వాత "ఇది కొత్త సమస్య" అనడం డీలర్‌కి కష్టం. లెవెల్, కింద చుక్కలు, మీటర్ రీడింగ్ కలిపి ఒకే వీడియోగా ఫోన్‌లో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

విప్పి చూడటానికి లేబర్ చార్జీ అడిగితే, వారంటీ లోపమని తేలితే ఆ చార్జీ ఉండదని ఎస్టిమేట్ మీదే రాయించుకోవాలి.

ఏ కారణాలు చెప్తారు?

రబ్బరు హోస్‌లు అరిగిపోయే పార్టుల కింద వస్తాయన్నది మొదటి మాట. కొన్ని వారంటీల్లో, ముఖ్యంగా ఎక్స్‌టెండెడ్ వారంటీల్లో, ఇది నిజమే. పుస్తకంలో మినహాయింపుల పేజీ చూపించమనాలి. ఎలుక కొరికిందంటే పంటి గాట్లు, రాయి తగిలిందంటే దెబ్బ గుర్తు కారు మీదే చూపించాలి. నిజంగా రాయి దెబ్బే అయితే అది వారంటీ కాదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్.

మన దగ్గర ఎక్కువగా దొరికిపోయేది నీళ్ల దగ్గర. దారిలో లెవెల్ తగ్గిందని బోరు నీళ్లు పోసేస్తారు. ఆ నీళ్లలోని లవణాలు లోపల పేరుకుంటాయి, తుప్పు పట్టిస్తాయి. క్లెయిమ్ కొట్టేయడానికి అది చాలు. పోయక తప్పకపోతే డిస్టిల్డ్ వాటర్ పోసి, వెంటనే సర్వీస్ సెంటర్‌కి చెప్పడం మేలు.

ఒక్కసారి బయట మెకానిక్‌కి చూపిస్తే మొత్తం వారంటీ పోయినట్టేనా? 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన తీర్పులో, అలా గంపగుత్తగా వారంటీ రద్దు షరతు పెట్టొద్దని, బయటి రిపేర్ వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. కంపెనీలు దానిపై అప్పీళ్లకు వెళ్లాయి. అయినా "బయట చేయించారు కాబట్టి రాదు" అంటే, ఆ పనికీ ఈ లీక్‌కీ సంబంధం ఏంటో చెప్పమని అడగడంలో తప్పు లేదు.

ఎర్ర లైట్ వెలిగితే నడపొద్దు

టెంపరేచర్ లైట్ ఎర్రగా వెలిగాక "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని నడిపితే కథ మారిపోతుంది. హెడ్ వంగిపోవచ్చు, ఇంజినే పోవచ్చు. అప్పుడు కంపెనీ లీక్ గురించి మాట్లాడదు, ఓనర్ నిర్లక్ష్యం గురించి మాట్లాడుతుంది. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, రోడ్ సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేయాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే మరుగుతున్న కూలెంట్ ముఖం మీదకి చిమ్ముతుంది, జాగ్రత్త.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

కంపెనీ కూడా కాదంటే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 50 లక్షల లోపు ధర కట్టిన కార్ల కేసులు అక్కడికే వెళ్తాయి. 10 నుంచి 20 లక్షల మధ్య కారైతే ఫీజు 400 రూపాయలు. 2019 చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను ఉంటున్న ఊరు ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, షోరూమ్ ఉన్న సిటీకి తిరగక్కర్లేదు. డీలర్‌తో పాటు తయారీ కంపెనీని కూడా చేర్చాలి.

తయారీ లోపం అని చెప్తే సరిపోదు, నిపుణుడి రిపోర్టు లేక వీగిపోయే కేసులు ఎక్కువ. అందుకే డబ్బు కట్టి రిపేర్ చేయించుకోవాల్సి వస్తే, విప్పిన పాత పార్టుని అక్కడే వదిలేయకుండా బిల్లుతో పాటు ఇంటికి తెచ్చుకోవాలి. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.