కొబ్బరితోటల్లో కొత్త ఆట. అడ్డు తగులుతున్న ‘పింగు’

రాజోలు: సంక్రాంతికి కోడిపందేలు, ఎండాకాలం సెలవుల్లో చెడుగుడు, ముసురు పట్టిన రోజుల్లో అరుగు మీద పులిజూదం. ఇవీ ఒకనాటి కోనసీమ కాలక్షేపాలు. నేడు పొద్దు వాలితే చాలు, కాలువగట్ల మీదా, డాబాల మీదా, వంతెనల పిట్టగోడల మీదా నలుగురైదుగురు కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు పట్టుకొని ఒకరికొకరు కేకలు వేసుకుంటూ కనబడుతున్నారు. చేతిలో ఫోనుంది. నెల పొడుగునా సరిపడే ప్యాకేజీ వుంది. అయినా ఆట మధ్యలో బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్ళీ కదిలేసరికి ఆటగాడు చచ్చి పడివుంటాడు. “పింగు పెరిగిపోయింది” అని కుర్రాళ్ళు తల పట్టుకుంటారు. ఈ పింగు ఏమిటో, అది ఆటతోనే పోయే తంటా అవునో కాదో పెద్దలు కూడా తెలుసుకోవలసిన అవసరం వుంది.

తొలి కేబులు మోరికే

వింత ఏమిటంటే, రాష్ట్రంలో ఇంటింటికీ ఫైబరు కేబులు ఇచ్చే పథకం తొలి అడుగు పడింది కోనసీమలోనే. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరు నెలాఖరున ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు దీనికి ప్రారంభోత్సవం చేశారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖలో ఆచార్యులుగా పనిచేసిన సాల్మన్ డార్విన్‌కు మోరి స్వగ్రామం. ఆయన చొరవతో ఆ గ్రామాన్ని ‘స్మార్ట్ విలేజి’ ప్రయోగానికి ఎంపిక చేశారు. ఇంటర్నెట్టు, టెలిఫోను, టీవీ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. ఏడాది తరువాత, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఈ ఫైబరు పథకాన్ని లాంఛనంగా జాతికి అంకితం చేశారు.

భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే కేబులు లాగడం ఈ పథకంలోని విశేషం. అందువల్ల ఖర్చు తగ్గింది, పని తొందరగా సాగింది. అయితే గాలివాన వచ్చి స్తంభం ఒరిగితే కరెంటుతోపాటు కేబులూ పోతుంది. 1996 నవంబరు 6 నాటి పెనుతుపాను చూసిన కోనసీమకు స్తంభాలు కూలడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను కూడా ఈ తీరాన్నే తాకింది.

పంటు పెద్దదైతే చాలదు

సఖినేటిపల్లి – నరసాపురం రేవు ఎరిగినవారికి పింగు సంగతి తేలికగా బోధపడుతుంది. పంటు పెద్దదైతే ఒక్క విడతలో ఎక్కువమంది, ఎక్కువ బళ్ళు దాటవచ్చు. కాని పెద్ద పంటు అయినంత మాత్రాన గోదావరిని తొందరగా దాటదు. పంటు ఆవలి ఒడ్డుకు వెళ్ళి తిరిగి వచ్చేదాకా ఈ ఒడ్డున వున్నవాడు ఆగవలసిందే. కంపెనీలవారు ప్రకటనల్లో చెప్పే మెగాబిట్ల వేగం పంటు సైజు వంటిది. పోయి రావడానికి పట్టే సమయమే పింగు.

సినిమా చూసేవాడికి పెద్ద పంటు కావాలి. కాస్త ముందుగా సరుకు దించుకొని పెట్టుకుంటే మధ్యలో ఆలస్యమైనా వాడికి తెలియదు. ఆట ఆడేవాడి సంగతి వేరు. వాడు పంపే సమాచారం చాలా కొద్ది. తుపాకుల ఆట గంటసేపు ఆడినా సాధారణంగా వంద మెగాబైట్లకు అటూ ఇటూగానే ఖర్చవుతుంది. కాని ఆ కొద్దిపాటి సమాచారమూ సెకనుకు పదుల సార్లు పోయి రావాలి. ఇక్కడ బొత్తాము నొక్కితే ఆ కబురు ఆట నడిపే సర్వరుకు చేరాలి. అక్కడ తీర్పు అయి తిరిగి ఫోనుకు రావాలి.

సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మిల్లీసెకను. పింగు 50 మిల్లీసెకన్ల లోపు వుంటే ఆట సాఫీగా సాగుతుంది. 100 వరకు సర్దుకుపోవచ్చు. 200 దాటితే ఎదుటివాడు కనబడిన చోట వుండడు. అంతకన్నా చేటు నిలకడ లేకపోవడం. ఒకసారి 40, మరుక్షణం 400 చూపే లైనుతో ఎంతటి నేర్పరి అయినా ఆడలేడు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే బస్సును లెక్కలో పెట్టుకోవచ్చు గాని, ఎప్పుడు వస్తుందో తెలియని బస్సును నమ్ముకోలేము గదా!

ముంబయి దూరం కాదు, వీధి చివరే దూరం

సర్వర్లు ఎక్కడో వుండబట్టి ఆలస్యమని చాలామంది అనుకుంటారు. లెక్క చూస్తే అది పూర్తిగా నిజం కాదు. ఫైబరు కేబులులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కోనసీమ నుంచి ముంబయి నేరుగా దాదాపు వెయ్యి కిలోమీటర్లు. కేబులు వంకరటింకరగా రెండువేల కిలోమీటర్లు తిరిగినా, పోయి రావడానికి పట్టేది 20 మిల్లీసెకన్లే. మిగిలిన ఆలస్యంలో పెద్ద భాగం ఊరి టవరుకూ, ఇంటికీ మధ్యనే పుడుతుంది.

ఇందుకు కారణాలు అనేకం. మొదటిది తోటలు. కోనసీమకు అందం తెచ్చిన కొబ్బరిచెట్లే టవరు నుంచి వచ్చే తరంగాలకు అడ్డు. ఆకు, అందులోని తేమ తరంగాన్ని పీల్చుకుంటాయి. తరంగం పౌనఃపున్యం ఎంత ఎక్కువయితే ఈ నష్టం అంత ఎక్కువ. దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైన 5జీకి వాడే తరంగాల్లో ఎక్కువ వేగం ఇచ్చేవి తక్కువ దూరమే పోతాయి. తోట నడుమ ఇంటికి చేరేసరికి వాటి బలం సన్నగిల్లుతుంది. డాబా ఎక్కితే ఆట సాగడానికి, మిద్దె దిగితే ఆగడానికి కారణం ఇదే.

రెండవది వంతుల తంటా. కాలువ తలదాపున వున్నవారు అందరూ ఒకేసారి తూములు ఎత్తితే శివారు చేలకు నీరు అందదు. టవరు సంగతీ అంతే. సాయంత్రం ఏడు నుంచి పది గంటల వరకు ఊరంతా సీరియళ్ళూ, వీడియోలూ ఫోన్లలోనే చూస్తుంటే ఒకే టవరు అందరికీ వంతులు వేయవలసి వస్తుంది. ఫోనులో గీతలు నిండుగానే కనబడతాయి. గీతలు చెప్పేది తరంగం బలమే గాని, క్యూలో ఎంతమంది వున్నారో కాదు. తెల్లవారుజామున బాగా సాగిన ఆట సాయంత్రం కుంటుపడడం ఈ కారణంగానే.

మూడవది టవరు వెనుక దారి. కొన్ని టవర్లకు ఫైబరు కేబులు వుంటుంది. కొన్నింటికి గిన్నెల వంటి యాంటెన్నాలతో మరో టవరుకు తరంగాల లంకె మాత్రమే వుంటుంది. ఈ లంకె ఇరుకైతే దాని కింద వున్న ఊళ్ళన్నిటికీ ఇరుకే. పెద్ద వాన కురిసినప్పుడు కొన్ని లంకెలు బలహీనపడతాయి. కరెంటు పోయి టవరు బ్యాటరీ కూడా అయిపోతే చెప్పవలసిన పనే లేదు.

నాలుగవది ఇంట్లోదే. ఒకే రూటరు మీద తమ్ముడు వీడియో దింపుకొంటుంటే అన్న ఆట కబురు ఆ బరువు వెనుక క్యూలో నిలబడుతుంది. లైను మంచిదే అయినా పింగు పెరిగిపోతుంది.

తీర్పు మార్చిన తెగిన లైను

లైను తెగడం పల్లె కుర్రాళ్ళకే పట్టిన శని కాదు. కరోనా రోజుల్లో, 2020లో ప్రపంచ చదరంగ సమాఖ్య మొదటిసారి ఆన్‌లైన్ ఒలింపియాడ్ జరిపింది. మన రాష్ట్రానికి చెందిన కోనేరు హంపి, పెంటేల హరికృష్ణ భారత జట్టులో వున్నారు. ఆగస్టు 30న రష్యాతో ఫైనలు నడుస్తుండగా పలు దేశాల్లో ఇంటర్నెట్టుకు అంతరాయం కలిగింది. భారత క్రీడాకారులు నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల లైన్లు తెగిపోయాయి. గడియారం మాత్రం ఆగలేదు. సమయం మించిపోయి ఇద్దరూ ఓడినట్టు నమోదయింది. భారత జట్టు అప్పీలు చేసింది. సమాఖ్య విచారించి భారత్, రష్యాలను సంయుక్త విజేతలుగా ప్రకటించింది.

వారికి అప్పీలు వినేవారు వున్నారు. కాలువగట్టున కూర్చొని పోటీలో దిగిన కుర్రవాడికి ఆ భాగ్యం లేదు. లైను తెగితే ఓటమే. ఇప్పుడు ఇవి ఉబుసుపోక ఆటలు మాత్రమే కావు. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-క్రీడలను బహుళ క్రీడోత్సవాలలో భాగంగా గుర్తించింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వీటికి పతకాలు కూడా ఇచ్చారు. నేర్పు వున్నా లైను లేని పల్లె కుర్రవాడు ఆ బరిలో మొదటి మెట్టు కూడా ఎక్కలేడు.

ఆటతో పోయేది కాదు

ఆట పోతే పోయింది, ఒక పూట చదువుకుంటాడులే అనుకునే తల్లిదండ్రులు వుండవచ్చు. కాని ఆటకు అడ్డుపడే లైనే చదువుకూ అడ్డుపడుతుంది. కరోనా కాలంలో పాఠాలు ఫోనులో చెప్పినప్పుడు మాస్టారి మాట ముక్కలు ముక్కలుగా వినబడింది ఈ నిలకడలేమి వల్లనే. ఇంజనీరింగు సీట్లకు ఆప్షన్లు పెట్టడం, ఉద్యోగ దరఖాస్తులు, కొట్లో ఫోను ద్వారా డబ్బు చెల్లింపు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగుల సమావేశాలు అన్నీ ఈ దారినే పోవాలి.

లైను లేకపోతే ఏమవుతుందో కోనసీమ ఒకసారి చవిచూసింది. జిల్లా పేరు మార్పు వివాదంలో 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక ఇంటర్నెట్టు నిలిపివేశారు. కొన్ని మండలాల్లో దాదాపు రెండు వారాలపాటు అది తిరిగి రాలేదు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నలు వెదుక్కుంటూ గోదావరి గట్లకూ, పొరుగు పట్టణాలకూ పోవలసి వచ్చింది.

ఇంట్లో చేసుకోదగిన మరమ్మతు

కంపెనీవారు వచ్చేలోగా కొంత మేలు ఎవరికివారే చేసుకోవచ్చు. ఇంట్లో కేబులు కనెక్షను వున్నవారు రూటరును బీరువా వెనుక, టీవీ కింద కాకుండా ఎత్తున, నడిమింట్లో పెట్టాలి. కంప్యూటరు మీద ఆడేవారు వైఫై బదులు వైరు వేసుకుంటే నిలకడ వస్తుంది. రూటరుకు దగ్గర వున్నప్పుడు 5 గిగాహెర్ట్‌జ్, గోడలు అడ్డున్నప్పుడు 2.4 గిగాహెర్ట్‌జ్ వాడడం మంచిది. ఆటలకు వచ్చే కొత్త సరుకు ఒక్కొక్కటి గిగాబైట్లలో వుంటుంది కనుక దానిని రాత్రి పొద్దుపోయాక దింపుకోవాలి. ఆడేటప్పుడు ఫోనులో మిగిలిన యాప్‌లు మూసివేయాలి.

లైనును బట్టి ఆటను ఎంచుకోవడం మరో దారి. చదరంగం, క్యారమ్స్, లూడో వంటివి ఒకరి తరువాత ఒకరు ఆడేవి గనుక అర సెకను ఆలస్యం వాటికి లెక్క కాదు. లైను పూర్తిగా తెగకుండా వుంటే చాలు.

పందెం మాటున గండం

ఆట పేరుతో డబ్బు పందెం పెట్టించే యాప్‌లకు మాత్రం దూరంగా వుండాలి. ఆన్‌లైన్ రమ్మీ వంటి పందేలను రాష్ట్ర ప్రభుత్వం 2020లోనే చట్టసవరణ ద్వారా నిషేధించింది. డబ్బు పందెంతో ఆన్‌లైన్ ఆటలు నడపడాన్ని దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఈ ఆటలు నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పింగు తగ్గిస్తామని, ఆటలో తుపాకులు ఉచితంగా ఇస్తామని వచ్చే లింకులు కూడా నమ్మదగినవి కావు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

కొలిచి అడిగితేనే జవాబు

దేశంలో బ్రాడ్‌బ్యాండు అనిపించుకోవాలంటే కనీసం 2 మెగాబిట్ల వేగం వుండాలని కేంద్రం 2023 జనవరిలో నిర్ణయించింది. ‘సిగ్నలు బాగా లేదు’ అని నోటిమాటగా చెబితే కంపెనీవారు ‘చూస్తాము’ అని వూరుకుంటారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌వారి ‘మైస్పీడ్’ యాప్‌తో ఉదయం ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి వారంపాటు కొలిచి కాగితం మీద రాసి పెట్టుకుంటే మాటకు బలం వస్తుంది. ముందుగా కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి చెప్పి నంబరు తీసుకోవాలి. పని జరగకపోతే 30 రోజుల్లోగా ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు. ఇందుకు రుసుము లేదు. ఒక్కరుగా కాక వీధివారంతా కలిసి రాస్తే లోపం ఇంటిదో, టవరుదో వెంటనే తేలిపోతుంది.

పట్టణంలో వున్నవాడూ, లంకలో వున్నవాడూ నెలకు కట్టే డబ్బు ఒకటే. అంగట్లో అన్నీ వున్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, తొలి కేబులు పడిన సీమలోనే శివారు గ్రామాలవారు సిగ్నలు కోసం డాబాలు ఎక్కడం న్యాయం కాదు. టవర్లకు కేబులు లంకె వేయాలనీ, కరెంటు పోయినప్పుడు బ్యాటరీలు నిలిచేలా చూడాలనీ, తోటల నడుమ వున్న గ్రామాల్లో అదనపు టవర్లు పెట్టాలనీ కంపెనీలను అడగవలసిన బాధ్యత గ్రామ పంచాయతీల మీద కూడా వుంది. శివారు చేనికి నీరు అందేలా చూడడం ఎంత అవసరమో, శివారు ఇంటికి లైను నిలకడగా అందేలా చూడడమూ నేడు అంతే అవసరం.